తల అరిగిన స్క్రూ తీస్తున్నారా? ఒక్కసారి జారితే చెయ్యి ఆపండి

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగేలోపు చెన్నైలో ప్రతి ఇంటికీ ఒక పని ఉంటుంది. కిటికీ గొళ్ళేలు, బాల్కనీ తలుపు బందులు, గోడ మీది స్విచ్ బోర్డు మూతలు బిగించుకోవాలి. 2016 డిసెంబరులో వర్దా తుపాను గాలి చూసినవాళ్లెవరూ ఊగే కిటికీని అలా వదిలేయరు. మొన్న వేళచ్చేరిలో ఒకాయన ఇదే పని చేస్తుంటే స్క్రూడ్రైవర్ జారి ఎడమ అరచేతిలో దిగింది. రెండు వేళ్లు వంగడం లేదని ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. చెప్పులేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి లాంటివి మీకు తెలిసినవే. అందుకే నేరుగా అసలు తప్పు దగ్గరికి వస్తాను.

స్క్రూడ్రైవర్ ఒకసారి టక్కున జారాక, అదే స్క్రూడ్రైవర్‌తో, ఇంకాస్త బలంగా మళ్లీ తిప్పడమే ఆ తప్పు. స్క్రూ పాడయ్యేదీ, చెయ్యి తెగేదీ దీనివల్లే.

ప్లస్ గాడి గోడలు నిటారుగా ఉండవు, లోపలికి వాలుగా ఉంటాయి. అందుకే తిప్పే బలం పెరిగేకొద్దీ మొన దానంతటదే పైకి ఎక్కి బయటికి వచ్చేస్తుంది. అలా వచ్చిన ప్రతిసారీ గాడి మూలల్ని కొంత గీసుకుపోతుంది. మొదటిసారి జారినప్పుడు గాడిలో ఇంకా చాలా పట్టు మిగిలే ఉంటుంది, దేనితోనైనా తీయొచ్చు. నాలుగైదుసార్లు జారాక అది గిన్నెలా గుండ్రంగా తయారవుతుంది, ఇక చాలాసార్లు డ్రిల్ దాకా పోవాల్సి వస్తుంది. జారిందా, ఆపండి. స్క్రూడ్రైవర్ కింద పెట్టేయండి.

సైజు చూసుకోండి

చాలా ఇళ్లలో ఉండేది ఒక్కటే స్క్రూడ్రైవర్, దానితోనే అన్నీ తిప్పుతారు. తలుపు బందులు, గొళ్ళేల స్క్రూలకు ఎక్కువగా పట్టేది పీహెచ్2 (పీహెచ్ అంటే ఫిలిప్స్, అదే ప్లస్ మొన; పక్కనున్న అంకె సైజు). ఇంకా చిన్నవాటికి పీహెచ్1, ల్యాప్‌టాప్ లాంటివాటికి పీహెచ్0, పీహెచ్00. కడ్డీ మీదో బిట్ మీదో చెక్కి ఉంటుంది. గాడిలో పెట్టి అటూ ఇటూ కదిపి చూడండి. ఊగితే అది మీ స్క్రూకి పనికిరాదు. చిన్న సైజులన్నీ రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో దొరుకుతాయి.

బలంలో ముప్పాతిక వంతు లోపలికి నొక్కడానికే పోవాలి, తిప్పడానికి పాతిక చాలు. జనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు.

తుప్పు సంగతి

బెసెంట్ నగర్, తిరువాన్మియూరు వైపు ఉప్పు గాలికి ఇనుప స్క్రూలు తొందరగా పట్టేస్తాయి. అల్యూమినియం ఫ్రేములో ఇనుప స్క్రూ ఉంటే దాని చుట్టూ తెల్లటి పొడి పేరుకుని మరని బిగబట్టేస్తుంది. ముందు గుండుసూదితో గాడిలోని మట్టి, పెయింటు గీకేయండి. స్క్రూ అంచున డబ్ల్యూడీ-40 (తుప్పు పట్టు వదిలించే నూనె స్ప్రే) చుక్క వేసి కనీసం పావుగంట ఆగండి, రాత్రంతా ఆగితే ఇంకా మంచిది. తర్వాత గాడిని గుడ్డతో పొడిగా తుడవండి. ఈ తుడవడమే చాలామంది మరిచిపోతారు. నూనె మర లోపలికి వెళ్లాలి, గాడిలో మిగిలితే మొన జారడం ఖాయం. స్క్రూడ్రైవర్ గాడిలో నిలబెట్టి పిడి మీద సుత్తితో నాలుగైదు చిన్న దెబ్బలు వేస్తే తుప్పు పట్టు వదులుతుంది, మొన కూడా లోపలికి కూర్చుంటుంది. అప్పుడు కూడా వెంటనే ఎడమకు తిప్పకుండా, ఒక్క వెంట్రుకవాసి కుడికి బిగించి, ఆపైన ఎడమకు తిప్పండి.

అయినా రాకపోతే

వెడల్పాటి పలచని రబ్బరు బ్యాండు గాడి మీద పరిచి నొక్కి తిప్పండి. కొద్దిగా అరిగిన, తుప్పు లేని స్క్రూలకే ఇది పనికొస్తుంది. సైకిలు ట్యూబు ముక్క మందం, మొనని మూలల దాకా పోనివ్వదు. తల కాస్త పైకి ఉంటే కటింగ్ ప్లయర్‌తో తల అంచులు పట్టుకుని తిప్పడం అన్నిటికన్నా క్షేమం. యాక్సా బ్లేడుతో తల మీద అడ్డంగా ఒక మిల్లీమీటరు లోతు గాడి కోసి, వెడల్పాటి మైనస్ స్క్రూడ్రైవర్ వాడొచ్చు. తల మందంలో సగం దాటి కోస్తే తల రెండు ముక్కలవుతుంది. చివరికి మిగిలేది డ్రిల్. నడిమధ్యలో పంచ్‌తో గుంట పెట్టి, నెమ్మది స్పీడులో 3 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి, స్క్రూ కాడంత మందం బిట్ దాకా పోతే తల ఊడొస్తుంది. ఆ స్క్రూ పట్టి ఉంచిన గొళ్ళేన్నో బందునో పక్కకి తీసి, మిగిలిన కాడని ప్లయర్‌తో తిప్పి తీయండి. డ్రిల్ చేతికి కొత్తయితే వడ్రంగిని పిలవండి.

ఏ పద్ధతిలోనైనా ఇదే మాట: జారితే ఆపండి, అదే పనిముట్టుతో రెండోసారి వద్దు.

మిగతావి వరసగా చెప్తాను, ఒక్కటీ దాటేయకండి.

- విడి వస్తువుని చేతిలో పట్టుకుని స్క్రూ తిప్పకండి. బల్ల మీద పెట్టి బిగించండి.
- రెండో చెయ్యి ఎప్పుడూ మొనకి వెనకే ఉండాలి. ముందు ఉండకూడదు, పక్కన కూడా వద్దు.
- స్విచ్ బోర్డు అయితే మెయిన్ ఆఫ్ చేస్తే సరిపోదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినా కొన్ని లైన్లలో కరెంటు ఉంటుంది. దాన్నీ ఆపండి.
- టెస్టర్‌ని ముందు కరెంటున్న ప్లగ్గులో పెట్టి వెలుగుతుందో లేదో చూడండి. చెడిపోయిన టెస్టర్ ఎక్కడ పెట్టినా కరెంటు లేదనే చెప్తుంది.
- మైక్రోవేవ్ స్క్రూల జోలికి వెళ్లకండి. ప్లగ్గు పీకినా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జి ఉండొచ్చు.
- ల్యాప్‌టాప్ మీద డ్రిల్ వద్దు. కింద బ్యాటరీ ఉంటుంది.
- డబ్ల్యూడీ-40 కొట్టిన చోట స్క్రూని వేడి చేయడానికి సోల్డరింగ్ ఐరన్, లైటర్ వద్దు. మంట అంటుకుంటుంది.
- డ్రిల్ పట్టుకుంటే గుడ్డ గ్లవుజులు తీసేయండి. చుట్టుకుంటే వేలు పోతుంది.
- తల కోసేటప్పుడు, డ్రిల్ చేసేటప్పుడు పక్కలు మూసిన కళ్లజోడు. చదువుకునే కళ్లద్దాలు చాలవు.
- గాడిలో పట్టు కోసం ఎవరైనా ఫెవిక్విక్ వేసి చూస్తే, కారినదాన్ని దూదితో తుడవకండి. దూది వేడెక్కి చెయ్యి కాలుతుంది.
- కిటికీ బయటివైపు స్క్రూ కోసం వంగకండి. బాల్కనీలో స్టూలెక్కకండి.
- తీసిన స్క్రూ మళ్లీ పెట్టకండి. సముద్రం దగ్గరైతే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ కొని, మరకి కాస్త గ్రీజు రాసి చేతి స్క్రూడ్రైవర్‌తోనే బిగించండి.
- చేతిలో మొన దిగి ఇరుక్కుంటే పీకకండి. కదలకుండా చుట్టూ గుడ్డ పెట్టి కట్టి ఆసుపత్రికి వెళ్లండి. గాయం చిన్నగా కనిపించినా పసుపు కూరకండి. వేలు వంగకపోయినా, మొద్దుబారినా వెంటనే చూపించండి. తుప్పు, మట్టి పడిన గాయమై, ధనుర్వాతం టీకా (టీటీ) వేయించుకుని ఐదేళ్లు దాటితే అదే రోజు వేయించుకోండి.