మనిషిని గుర్తుపట్టడం – నాలుగో పాఠం: చోటు మార్చి చూడండి

కిందటి పాఠంలో ఇచ్చిన పని పూర్తయిందా? మీ దగ్గర పనిచేసే ఒకరిని వారం రోజులు గమనించి, ఎవరూ చెప్పకుండానే ఏయే పనులు అందుకుంటున్నారో రాసుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు కావాలి.

ఈసారి గచ్చిబౌలి వెళదాం. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచిన పుల్లెల గోపీచంద్ ఇల్లు తాకట్టు పెట్టి మరీ అక్కడ బ్యాడ్మింటన్ అకాడమీ కట్టారు. అందులో చేరిన గుంటూరు కుర్రాడు కిదంబి శ్రీకాంత్ మొదట్లో డబుల్స్ ఆటగాడు. అలాగే వదిలేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. గోపీచంద్ అతన్ని సింగిల్స్‌కు మార్చారు. 2014 నవంబరులో చైనా ఓపెన్ ఫైనల్లో శ్రీకాంత్ ఓడించింది ఎవరినో తెలుసా? రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన లిన్ డాన్‌ని, అదీ అతని సొంత గడ్డ మీద, వరుస గేముల్లో. 2017లో ఏకంగా నాలుగు సూపర్ సిరీస్ (బ్యాడ్మింటన్‌లో అగ్రశ్రేణి అంతర్జాతీయ టోర్నీలు) టైటిళ్లు.

మన దగ్గర ఏం జరుగుతుంది? చేరిన రోజు ఏ కుర్చీ చూపిస్తామో, మనిషి రిటైరయ్యేదాకా అదే కుర్చీ. లెక్కలు రాసే అమ్మాయి, గొడవకు వచ్చిన ఖాతాదారును సర్దిచెప్పి మరో సరుకు కొనిపించి పంపుతుంది. మనం ఆమె లెక్కల్లో తప్పులే వెతుకుతాం. నేనూ కొన్నేళ్లు అదే చేశాను, తర్వాత ఆమె వెళ్లిపోయింది.

వెళ్లిపోవడమంటే గుర్తొచ్చింది. అకాడమీకి పేరు తెచ్చిన సైనా నెహ్వాల్ ఆ 2014లోనే శిక్షణ కోసం బెంగళూరు వెళ్లారు. శ్రీకాంత్ గెలిచిన ఆదివారమే, అదే టోర్నీలో, మహిళల టైటిల్ ఆమెది. పెద్ద పేరు బయటికి వెళ్లినా గచ్చిబౌలిలో కోర్టులు ఖాళీ కాలేదు. రెండేళ్లకు అక్కడి సింధు రియో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చింది. 2017లో సైనా తిరిగొచ్చారు, తలుపు తెరిచే ఉంది. సంస్థ కట్టాలనుకునేవారు ఒలింపిక్ పతకాల కంటే ఈ రాకపోకల్నే శ్రద్ధగా చదవాలని నా అభిప్రాయం.

ఈ వారం పని: మీ కాగితంలో ఎక్కువసార్లు కనిపించిన పనిని ఎంచుకోండి. రోజుకు రెండు గంటల చొప్పున ఆ మనిషికి అదే అప్పగించండి, జీతం, హోదా మార్చకుండా. నెల తిరగకుండా తీర్పు చెప్పకండి. కాగితం వెనకవైపు, రేపు వెళ్లిపోతే మీకు చేయి విరిగినట్టుండే ఒకరి పేరు రాయండి. దాని కింద, ఆ చోట నిలబెట్టి చూడదగ్గ ఇద్దరి పేర్లు. రెండో పేరు తట్టకపోతే ఖాళీగానే ఉంచండి, అయిదో పాఠం ఆ ఖాళీ గురించే.