స్లాబ్ మీద నంబర్ చూసి డబ్బు కట్టే ముందు

మా పెద్దమ్మ దగ్గర 1918 నాటి అయిదో జార్జి వెండి రూపాయి ఒకటి ఉండేది. ఏటా వరలక్ష్మీ వ్రతానికి కలశం దగ్గర పెట్టడం, మర్నాడు పసుపూ కుంకుమా పోయేలా చింతపండుతో తోమి, తుడిచి మళ్లీ డబ్బాలో దాచడం. నాకిచ్చాక ఎంతో ఆశగా ఇండియాలోనే గ్రేడింగ్‌కి పంపాను, అంటే నాణెం ఎంత బాగుందో చూసి నంబర్ వేసి, స్లాబ్ అనే ప్లాస్టిక్ డబ్బీలో సీల్ చేసి ఇచ్చేవాళ్ల దగ్గరికి. నంబర్ లేకుండా "డీటెయిల్స్, క్లీన్డ్" (అసలుదే, కానీ తోమేసినది) అనే లేబుల్‌తో తిరిగొచ్చింది. చాలా బాధపడ్డాను. అసలు ఈ నంబర్లు ఎలా పుట్టాయి, ఎందుకు మారుతున్నాయి అని వెతకడం మొదలుపెట్టింది అప్పుడే.

1 నుంచి 70 వరకు ఉన్న స్కేలు 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత రాగి సెంట్ల కోసం తయారుచేసింది. 1 గ్రేడ్ నాణెం ధరకి 70 గ్రేడ్ నాణెం డెబ్భై రెట్లు పలకాలన్నది ఆయన లెక్క. ధర లెక్క ఎప్పుడో పోయింది, నంబర్లు మాత్రం మిగిలిపోయాయి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికా సంస్థలు నాణేన్ని ప్లాస్టిక్‌లో సీల్ చేసి నంబర్ వేసే పని మొదలుపెట్టాయి. 2007లో సీఏసీ అనే మరో సంస్థ వచ్చి, స్లాబ్‌లో ఉన్న నాణెం ఆ నంబర్‌కి నిజంగా తగినదైతే పచ్చ స్టిక్కర్, అంతకంటే బాగుంటే బంగారు రంగు స్టిక్కర్ అంటించసాగింది. 2010లో 64+, 65+ లాంటి ప్లస్ గ్రేడ్లు (ఆ నంబర్‌లోనే మేలైనవాటికి) వచ్చాయి. 2023లో ఎన్‌జీసీ 1982 నుంచి ముద్రించిన నాణేలకి పది పాయింట్ల స్కేలు తెచ్చింది, అందులో 70 అంటే 10, 69 అంటే 9.9.

సేకరించేవాళ్లు వీటి మీద ఒక్క మాట మీద లేరు. పది పాయింట్లయితే కొత్తవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుందని కొందరంటారు, అందులో నిజముంది. నాకు మాత్రం ఒకే నాణేనికి రెండు భాషలు అనవసరం అనిపిస్తుంది. ఎక్కువమంది కోపం వేరే దాని మీద: ఒకప్పుడు 64 ఇచ్చిన నాణేన్ని స్లాబ్ పగలగొట్టి మళ్లీ పంపితే 65 వస్తోంది, అంటే ప్రమాణమే సడలింది అని. అందుకే తొలి రోజుల స్లాబుల్లో ఉన్న నాణేలకి కొందరు ఎక్కువ పెట్టడానికి కూడా వెనకాడరు. డీటెయిల్స్ లేబుల్ మీదా గొడవే. ఇంతకుముందు సమస్య ఉన్న నాణేన్ని స్లాబ్ చేయకుండా వెనక్కి పంపేవారు, ఇప్పుడు కనీసం అసలుదని తేల్చి ఇస్తున్నారు. మా పెద్దమ్మ రూపాయి అసలుదేనని రాసి ఉంది కాబట్టి, ఈ మార్పు మంచిదే అంటాను.

సీఏసీ చూసేది ప్రధానంగా అమెరికా నాణేలనే. మన రూపాయిలకి ఆ భరోసా లేదు, కాబట్టి కన్ను మనమే తయారు చేసుకోవాలి.

గది చీకటి చేసి ఒకే ఒక్క దీపం పెట్టుకోండి, కింద మెత్తటి గుడ్డ పరవండి, స్లాబ్ అయితే లేబుల్‌ని కాగితంతో కప్పేయండి. విడి నాణెమైతే అంచులు మాత్రమే పట్టుకోవాలి. మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. అసలైన మింట్ మెరుపు అయితే వెలుగు గీత ఒకటి నాణెం మీద చక్రంలా తిరుగుతుంది. అయిదో జార్జి రూపాయిలో చెంప, మీసం, కిరీటం మీది ముత్యాలు, వస్త్రం మీది ఏనుగు చూడాలి, అరుగుదల మొదట కనిపించేది అక్కడే. అక్కడ ఆ వెలుగు తెగిపోయి బూడిదరంగు మచ్చలా ఉంటే అది ఎంఎస్ (అసలు అరగనిది, 60 నుంచి పైన) కాదు, ఎంత బాగున్నా ఏయూ 58 (కాస్త అరిగినది) అనే అనుకోండి. నాణెం అంతా ఒకేలా తెల్లగా మెరుస్తూ వెలుగు తిరగకపోతే, 5 రెట్లో 7 రెట్లో చూపించే భూతద్దంతో చూడండి. ఒకే దిక్కుకి సన్నటి గీతలు, అక్షరాల మూలల్లో మాత్రం నల్లటి మడ్డి కనిపిస్తే తోమినట్టే. కాసులపేరులోంచి విప్పినవైతే అంచు మీద టంకం గుర్తు కూడా వెతకాలి.

మీ గ్రేడ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాకే కాగితం తీయండి. లేబుల్ మీది గ్రేడ్ మీరు రాసుకున్నదానికంటే రెండు ఎక్కువుంటే కొనొద్దు, ఎంత పెద్ద పేరున్న సంస్థ స్లాబ్ అయినా సరే. ఆ తర్వాత సర్టిఫికెట్ నంబర్‌ని ఆ సంస్థ సైట్లో వెతికి, ఫోటో ఉంటే మచ్చలతో సహా పోల్చండి, దొంగ స్లాబులు కూడా ఉన్నాయి. పాత వేలం ధరలు చూసేటప్పుడు అదే సంస్థ, అదే గ్రేడ్ ఉన్నవే చూడండి. ప్లస్ ఉన్నదాని ధర పట్టుకుని ప్లస్ లేనిది బేరమాడితే మోసపోతారు.

మళ్లీ గ్రేడింగ్‌కి పంపాలంటే పై గ్రేడ్‌కీ దీనికీ ధరలో తేడా ఎంత, ఫీజు, కొరియర్, ఇన్సూరెన్స్ కలిపి ఎంత అని ముందు లెక్కేయండి. ధరలో తేడా ఆ ఖర్చుకి మూడింతలైనా లేకపోతే వదిలేయండి. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని మనంతట మనం విదేశాలకి పంపకూడదు. ఎవరో ఏజెంట్ "ఏం కాదులెండి" అంటే నమ్మి ఇచ్చేయకండి.

మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టకండి, కొన్నాళ్లకి పచ్చటి జిగురు పడుతుంది. ఈ శ్రావణం వచ్చేలోపు ఇంట్లోవాళ్లకి కలశం దగ్గర పెట్టుకోవడానికి కొత్త వెండి రూపు ఒకటి కొనివ్వండి, పాత రూపాయి బీరువాలోనే ఉండనివ్వండి.