కొత్తనీటికి గాలం వేసేవాళ్లు ముందుగా చూసుకోవాల్సినవి

రెండు పెద్ద వానలు పడితే చాలు, విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో అటకల మీది గాలాలు కిందికి దిగుతాయి. తవుడు, తెలగపిండి కలిపి ఎర ముద్దలు చేయడం మొదలవుతుంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవనీటిలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరదనీరు కావాలి. అందుకే చెరువులోకి వాగు దిగే చోటికి, అలుగు పారే చోటికి ఎదురెక్కుతాయి. చేప వెంట మనమూ అక్కడికే చేరతాం. మునిగిపోయే ప్రమాదం ఎక్కువుండేదీ అక్కడే.

అలుగు మీద నీరు మోకాలి లోతే కదా అని దిగొద్దు. నాచు పట్టిన రాయి మీద కాలు జారితే పడేది దిగువ గుంటలో. అక్కడ సుడి తిరిగే నీరు ఈతగాణ్ణి కూడా పైకి తేలనివ్వదు. తూము దగ్గర మరీ మోసం, పైన కదలిక కనిపించదు, కింద లాగేస్తుంటుంది. గాలం అక్కడ చిక్కుకుంటే దారం కోసేసి కొత్తది కట్టుకోండి. విడిపించడానికి దిగేంత విలువ ఏ గాలానికీ లేదు.

వేసవిలో మట్టి కోసం జేసీబీలు తవ్విన గుంతలు ఇంకో తలనొప్పి. నిరుడు నడుం లోతున్న చోట ఈ ఏడు రెండు నిలువుల లోతుండొచ్చు, పైన గుర్రపుడెక్క కమ్మితే ఆ తేడా కనబడదు. తెలిసిన చెరువే అన్న ధీమా పనికిరాదు. ఒక్కరే వెళ్లకండి, పొడవైన తాడు, మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్ వెంట ఉంచుకోండి. ఎవరైనా పడితే వెంటనే దూకొద్దు. మునిగేవాడు దొరికినవాణ్ణి గట్టిగా పట్టేసుకుంటాడు, ఇద్దరూ పోతారు. గట్టు మీద నుంచే తాడో క్యానో విసరండి, 112కి ఫోన్ చేయండి.

ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక తిన్నెల మీద కూర్చుని గాలం వేసే అలవాటు చాలామందికి ఉంది. వర్షాకాలంలో మాత్రం ఆ అలవాటు మానుకోవాలి. పైనుంచి వరద వస్తే గేట్లు ఎత్తుతారు, అప్పటిదాకా పొడిగా ఉన్న తిన్నె చుట్టూ నీరు చేరిపోతుంది. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. 2024 సెప్టెంబరులో 11 లక్షలు దాటింది. అయితే తిన్నె మునగడానికి హెచ్చరికదాకా రానక్కర్లేదు.

ఉరుము వినబడితే గాలం కట్టేయండి. బయలు గట్టు మీద కార్బన్ రాడ్డు ఎత్తి నిలబడటమంటే పిడుగును పిలవడమే. చెట్టు కింద కాదు, పక్కా ఇంట్లోకో కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. దామిని యాప్ ఉంటే పిడుగు దగ్గర్లో ఉందో లేదో తెలుస్తుంది. రాడ్డు విసిరేముందు తల పైకెత్తి కరెంటు తీగలు ఉన్నాయేమో కూడా చూడండి.

వానకు పుట్టలు నిండి పాములు గట్టెక్కుతాయి. బూట్లు, టార్చి తప్పనిసరి. కట్లపాము కరిస్తే నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు, అందుకే ఏమీ కాలేదనుకుని ఇంటికెళ్లి పడుకోవద్దు. కోయడం, బిగించి కట్టడం వద్దు. కాలు కదలకుండా కర్ర ఆనించి వదులుగా కట్టి, పాము మందు ఉండే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. గాలం ముల్లు వేలిలో దిగితే వెనక్కి లాగితే కండ చీరుతుంది, దారం కోసి అలాగే డాక్టరు దగ్గరకెళ్లి తీయించుకోండి, టీటీ సంగతి అడగండి.

పంచాయతీ చెరువైతే చేపల వేలంపాట ఎవరు పాడుకున్నారో కనుక్కుని వాళ్లను అడగండి. మంచినీటి చెరువు జోలికి పోవద్దు. ముసురు పట్టిన మర్నాడు తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే నీటిలో ఆక్సిజన్ తగ్గిందని గుర్తు. చచ్చి తేలినవాటిని కూరకు తేవద్దు.

ఇంటికి తెచ్చాక ఒక మాట. శీలావతి, గడ్డిచేప పిత్తాశయం కళ్లకు, షుగరుకు మంచిదని పచ్చిగా మింగేవాళ్లున్నారు. అందులోని విషం కిడ్నీలను దెబ్బతీస్తుంది, వండినా అది పోదు. చేప కోసేటప్పుడే తీసి పారేయండి. ఎవరైనా మింగి వాంతులు, విరేచనాలు మొదలైతే తగ్గుతుందిలే అని కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, చేప పిత్తం తిన్నాడని డాక్టరుకు ముందే చెప్పండి.