ఇంట్లో చేసుకున్న గేమ్ టేబుల్: సమస్య - పరిష్కారం

బోర్డ్ గేముల కోసం తక్కువ ఖర్చులో ఇంట్లోనే చేసుకునే టేబుళ్ళు దాదాపు ఒకేలా ఉంటాయి. నాలుగు కాళ్ళు, వాటిని కలిపే చట్రం, పైన ప్లైవుడ్, దాని మీద గుడ్డ, పాచికలు దొర్లి కింద పడకుండా చుట్టూ కాస్త ఎత్తైన అంచు. ఏ తేడా వచ్చినా మన చూపు ముందు పైన ఉన్న పలక మీదకే పోతుంది. కారణం మాత్రం చాలాసార్లు కింద చట్రంలోనే ఉంటుంది. అందుకే దేన్నయినా ఊడదీసే ముందు ఒకసారి టేబుల్ కిందకు దూరి చూడండి.

సమస్య: టేబుల్ ఊగుతోంది

ఊగడంలో రెండు రకాలున్నాయి. మీది ఏ రకమో ముందు తేల్చుకోవాలి.

ఒక మూల నొక్కగానే ఎదురు మూల టక్కుమని లేస్తోందంటే ఒక కాలు పొట్టిగా ఉండాలి, లేదా చట్రం మెలి తిరిగి ఉండాలి, లేదా నేలే సమంగా ఉండకపోవాలి. టేబుల్‌ను ఉన్నచోటే పావు వంతు తిప్పి మళ్ళీ నొక్కండి. అవే కాళ్ళు లేస్తే తేడా టేబుల్‌లో ఉంది, వేరే కాళ్ళు లేస్తే నేలలో ఉంది. ఏదైనా సరే, రంపం తీసి పొడవు కాళ్ళను కోయడం మొదలుపెట్టకండి. ఒకటి కోశాక ఇంకోటి పొడవు అనిపిస్తుంది, అలా కోతకు అంతుండదు. కాళ్ళ అడుగున తిప్పి ఎత్తు సరిచేసుకునే స్క్రూ పాదాలు బిగించండి. నేల మారినా ఇబ్బంది ఉండదు.

నాలుగు కాళ్ళూ నేలకు ఆని ఉన్నా, పక్కనుంచి తోస్తే పైభాగం అటూ ఇటూ కదులుతోందంటే అది రెండో రకం. అసలు భయపడాల్సింది దీనికే, ఎందుకంటే వాడేకొద్దీ పెరుగుతుంది. కాళ్ళను నేరుగా ప్లైవుడ్‌కు స్క్రూలతో బిగించినప్పుడు, లేదా స్క్రూ చెక్క కొసలోకి, పోగుల వెంబడి దిగినప్పుడు ఇలా అవుతుంది. పోగుల వెంబడి దిగిన స్క్రూకు గట్టి పట్టు దొరకదు. దాన్ని ఎంత బిగించినా లాభం లేదు, చోటు మార్చాలి. చట్రం బద్ద కాలిని ఆనుకునే చోట అడ్డంగా రంధ్రం చేసి, రెండేసి బోల్టులు, వాషర్లు, నట్లు వేయండి. చెక్క ఆరి కొంచెం తగ్గాక నట్లను మళ్ళీ బిగించుకోవచ్చు, స్క్రూతో ఆ వీలు తక్కువ.

అప్పటికీ కదిలితే మూలల్లో ఏటవాలు బద్దలు కొట్టండి. నాలుగు పక్కల చట్రం పక్కకు ఒరుగుతుంది, త్రిభుజం ఒరగదు. మిగిలిపోయిన తుక్కు చెక్కతో అయ్యే పని ఇది. ఈ టేబుల్ మొత్తంలో ఇంత తక్కువ ఖర్చుకు ఇంత ఫలితం ఇచ్చేది ఇంకొకటి లేదు.

సమస్య: మధ్యలో కుంగింది

పలక పలచగా ఉండడం ఒక కారణం, కింద ఆధారాలు దూరదూరంగా ఉండడం ఇంకో కారణం. 12 మి.మీ. ప్లైవుడ్ కంటే 18 మి.మీ.ది మూడు రెట్లకు పైగా గట్టిగా నిలుస్తుంది. అయినా కొత్త పలక కొనక్కర్లేదు. ఆధారాల మధ్య దూరం సగం చేస్తే, అదే బరువుకు వంగేది ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పలకను తిరగేసి వేసి, కింద 40 సెం.మీ.కు ఒకటి చొప్పున అడ్డబద్దలు బిగించండి. బద్దను పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టండి. బలం వెడల్పులో కాదు, ఎత్తులో ఉంటుంది.

పాత ఫ్లష్ డోర్‌ను పలకగా వాడినవారికి ఒక మాట. తేలికైన రకాల్లో లోపల బోలుగానో, అట్ట గూడు మాత్రమేనో ఉంటుంది. మధ్యలో స్క్రూ పట్టదు. అంచుల్లోని గట్టి చెక్కకే బిగించండి.

సమస్య: మోకాళ్ళు తగులుతున్నాయి

ఇది కొలతల దగ్గర జరిగే పొరపాటు. టేబుల్ ఎత్తు 75 సెం.మీ. అనుకుందాం. అంచు లోతు 7, ప్లైవుడ్ 2, దాని కింద చట్రం బద్ద 10 కలిపితే 19 పోయి, కింద 56 మిగులుతుంది. మామూలు కుర్చీలో కూర్చున్న పెద్దవాళ్ళకు అది చాలదు, 62 అయినా కావాలి. కాళ్ళ కింద దిమ్మలు పెడితే మోకాళ్ళకు చోటు దొరుకుతుంది కానీ భుజాలు నొప్పి పెడతాయి. దానికన్నా అంచుకూ చట్రానికీ కలిపి 12 సెం.మీ. చెక్క ఒకటే వాడండి. దాని లోపలి వైపు సన్న బద్ద కొట్టి, పై నుంచి 5 సెం.మీ. దిగువన పలక దాని మీద ఆనేలా పెట్టండి. కింద 63 మిగులుతుంది. పాచికలను ఆపడానికి 5 సెం.మీ. అంచు చాలు.

సమస్య: గుడ్డ ముడతలు పడింది, మరకలు తేలాయి

మూల నుంచి లాగుతూ వస్తే ముడతలు, పలచని గుడ్డకు తెల్ల జిగురు రాస్తే మరకలు. జిగురు పైకి ఊరి అక్కడక్కడా గట్టిపడుతుంది కూడా. అసలు జిగురు మానేయండి. పలకను నాలుగు వైపులా 2, 3 మి.మీ. తగ్గించి, గుడ్డను వెనక్కి మడిచి స్టేపుల్ చేసి, చట్రంలో ఊరికే దించండి. ప్రతి పక్కకూ ముందు నడిమధ్యలో ఒక స్టేపుల్, తర్వాత దాని ఎదురు పక్కన, అలా మూలల వైపు జరగాలి. కింద ఫోమ్ వేస్తే 3 మి.మీ. సరిపోతుంది. కార్డులు తేలిగ్గా వేలికి అందుతాయి. అంతకన్నా మందం వేస్తే బొమ్మలు ఒరుగుతాయి, పాచికలు సరిగా దొర్లవు.

సమస్య: పై మూతలు ఇరుక్కుంటున్నాయి, వంగాయి

ఆట లేనప్పుడు అంచుల మధ్య పరిచి టేబుల్‌ను కప్పే పలకలే ఈ మూతలు. అవి ఇరుక్కుంటే తేమకు చెక్క ఉబ్బిందని అర్థం. పొడి రోజుల్లో కొలిచి బిగుతుగా కోసిన మూత వానాకాలంలో బయటకు రాదు. అంచులు గరుకు కాగితంతో రుద్ది, 2, 3 మి.మీ. సందు వదిలి, రుద్దిన చోట మళ్ళీ వార్నిష్ వేయండి. వంగడానికి మాత్రం పైవైపు ఒక్కటే వార్నిష్ చేయడం కారణం. కిందవైపు తేమ పీల్చుకుంటుంది, పైవైపు పీల్చుకోదు. రెండో వైపు కూడా అన్నే పూతలు వేసి, పూర్తిగా ఆరాక సమమైన చోట బరువు పెట్టి ఉంచండి. కొద్దిపాటి వంపు సరవుతుంది. ఎక్కువగా వంగి ఉంటే అడుగున ఒక నిలువు బద్ద బిగించాల్సిందే.