మార్చి పరీక్షలకు ముందు: చెవిని నమ్మకూడని ఇంగ్లీషు మాటలు

మామిడి పిందెలు కనబడే రోజులకు మా చిత్తూరు వైపు ఇళ్లలో పరీక్షల టెన్షన్ మొదలవుతుంది. టెన్త్, ఇంటర్ పిల్లలు గ్రామర్ చదువుతారు, వ్యాసాలు బట్టీ పడతారు. తీరా పేపరు దిద్దేటప్పుడు చూస్తే మార్కులు పోయేది వేరే చోట. రాయాలనుకున్నది ఒక మాట, కాగితం మీద పడేది దాని పక్కింటి మాట.

తిరుపతిలో ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నేను వీటికి ఎర్ర గీత గీసి వదిలేసేవాణ్ణి. పిల్లలు సరిగ్గా చదవడం లేదనుకున్నాను. ఒక రోజు ఒక అబ్బాయి పేపరు పట్టుకుని వచ్చి, "రెండూ ఒగటే మాదిరి పలుకుతాయి కదా సార్, ఏది రాయాలో ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు. వాడు అడిగింది న్యాయం. తెలుగులో పలికినట్టే రాస్తాం, చెవి చెప్పింది చెయ్యి రాస్తుంది. ఇంగ్లీషులోనూ అదే అలవాటు మీద నడిస్తే మోసపోతాం. అందుకే నా మొదటి జాగ్రత్త ఇది: మాట వాక్యంలో ఏం పని చేస్తోందో చూడండి, ఎలా వినిపిస్తోందో కాదు.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తీసేది 'లూజ్', 'లూస్'. మనం "చొక్కా లూజుగా ఉంది" అంటాం. నిజానికి వదులు అనే అర్థమున్న మాటను ఇంగ్లీషువాళ్లు 'లూస్' అని పలుకుతారు, దానికి రెండు 'ఓ'లు. పోగొట్టుకోవడం అనే మాటను 'లూజ్' అంటారు, దానికి ఒకటే 'ఓ'. అంటే మన వాడుక సరిగ్గా తిరగబడి ఉంది. మార్కులు పోయాయి, బస్ పాస్ పోయింది అని రాసేటప్పుడు ఒక 'ఓ' కూడా పోయిందని గుర్తుపెట్టుకోండి. ఉద్యోగాల దరఖాస్తుల్లో "ఈ అవకాశం పోగొట్టుకోను" అనే చోట రెండు 'ఓ'లు పడటం నేను చాలాసార్లు చూశాను. ఫోన్ స్పెల్‌చెక్ చాలాసార్లు దీన్ని పట్టుకోదు, ఎందుకంటే రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే.

'అడ్వైస్', 'అడ్వైజ్' కూడా ఈ కోవలోవే. "మంచి అడ్వైజ్ ఇచ్చాడు" అంటాం కానీ సలహా అనే నామవాచకం 'సి'తో రాసే 'అడ్వైస్'. సలహా ఇవ్వడం అనే క్రియకు 'ఎస్', పలకడం 'అడ్వైజ్'. 'సి' ఉన్న మాట చివర ఐస్ ఉంటుంది. ఐస్ వస్తువు, కాబట్టి అది నామవాచకం. 'ప్రాక్టీస్'కూ బ్రిటిష్ పద్ధతిలో ఇదే లెక్క, కాకపోతే అక్కడ రెండూ ఒకేలా పలుకుతాయి. అమెరికావాళ్లు రెంటికీ 'సి' వాడతారు. మీ పాఠ్యపుస్తకంలో ఏది ఉంటే అదే రాయండి.

'అఫెక్ట్', 'ఎఫెక్ట్' దగ్గర ఆగి ఆలోచించాలి. 2021 నవంబరు వరదలు తిరుపతిని దెబ్బతీశాయి అనాలంటే 'ఏ'తో మొదలయ్యే క్రియ. ఆ వరదల ప్రభావం అనాలంటే 'ఈ'తో మొదలయ్యే నామవాచకం. ముందు 'ది' గానీ 'యాన్' గానీ పెట్టి చూడండి, ఇమిడితే దాదాపు ఎప్పుడూ 'ఈ' మాటే. 'ఈ' మాట క్రియగా కూడా ఉంది, తీసుకురావడం అనే అర్థంలో. పరీక్షలో దాని జోలికి పోకండి.

'స్టేషనరీ' నాకిష్టమైన జంట. పెన్నులు, కాగితాలకు చివర 'ఈ ఆర్ వై', ఎన్వలప్‌లో ఉన్న 'ఈ'. ఘాట్ రోడ్డులో ఆగిపోయిన బస్సుకు 'ఏ ఆర్ వై'. మధ్యయుగాల ఐరోపాలో చాలామంది వ్యాపారులు ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు. విశ్వవిద్యాలయాల దగ్గర పుస్తకాలు అమ్మేవాళ్లకు మాత్రం కదలని కొట్లు ఉండేవి, అందుకే వాళ్లకు 'స్టేషనర్' అనే పేరు, వాళ్లమ్మే సరుకుకు 'స్టేషనరీ' అనే పేరు వచ్చాయి. అంటే రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలే. ఈ సంగతి చెప్పాక మా క్లాసులో ఆ తప్పు బాగా తగ్గింది.

సైన్సు, లెక్కల పేపర్లలోనూ ఇవి ఎదురవుతాయి. ఆర్కిమెడిస్ సూత్రానికి 'ప్రిన్సిపుల్' చివర 'ఎల్ ఈ'. కాలేజీ ప్రిన్సిపాల్‌కూ, బ్యాంకు అప్పులో అసలుకూ 'ఏ ఎల్'. 90 డిగ్రీలు పూర్తిచేసే పూరక కోణాల 'కాంప్లిమెంటరీ'లో 'ఎల్' తర్వాత 'ఈ'. తిరుపతి లాడ్జీలో ఉచితంగా పెట్టే 'కాంప్లిమెంటరీ' టిఫిన్‌కు అక్కడే 'ఐ'. ఎడారి అనే 'డెజర్ట్'కు ఒక 'ఎస్', భోజనం తర్వాతి తీపి 'డిజర్ట్'కు రెండు. 'క్వైట్' అంటే నిశ్శబ్దం, చివర 'ఈ టీ'. 'చాలా' అనే అర్థమున్న 'క్వైట్'కు 'టీ ఈ'.

చదివే పద్ధతిలోనూ ఒక జాగ్రత్త ఉంది. జంట మాటలను ఒకే రోజు పక్కపక్కన పెట్టి బట్టీ పడితే ఇంకా కలిసిపోతాయి. ముందు ఒకదాన్ని నాలుగు సొంత వాక్యాల్లో రాసి గట్టిపరచుకుని, రెండు రోజులాగి రెండోది పట్టుకోండి. మీరు తప్పే మాటలు మీకే తెలుసు. నిరుటి పేపర్లలోంచి పది ఏరి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, అందరి జాబితా మీకెందుకు?

హాల్లో అనుమానం వస్తే ఆ మాట వదిలేసి వేరే మాట వాడండి. 'ఎఫెక్ట్' స్పెల్లింగ్ తేలకపోతే 'రిజల్ట్' సరిపోతుందేమో చూడండి. చివరి ఐదు నిమిషాలు మీ పది మాటల కోసమే ఉంచుకుని, ఉత్తరం, వ్యాసం ఉన్న పేజీలు మాత్రం తిరగెయ్యండి. ఎందుకు మార్చాలో కారణం తోస్తేనే మార్చండి. కేవలం భయం వల్ల దిద్దితే సరిగ్గా రాసింది కూడా పాడవుతుంది.