తెల్లవారుజామున గ్రహాలను ఎలా గుర్తుపట్టాలి?

బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని. ఈ 5 గ్రహాలు చూడటానికి టెలిస్కోప్ అక్కర్లేదు. తూర్పు దిక్కు తెరిపిగా కనిపించే చోటు, పెందలాడే లేచే ఓపిక ఉంటే చాలు.

ముందురోజు రాత్రే స్టెల్లేరియం లాంటి, ఆకాశపటం చూపించే యాప్‌లో తేదీ, సమయం పెట్టి ఏ గ్రహాలు కనిపిస్తాయో చూసుకోండి. ఐదూ ఒకేసారి కనబడటం అరుదు. ఈ పని చేయకుండా వెళ్లి, ఆకాశంలో లేని గ్రహం కోసం మెడ నొప్పి పుట్టేదాకా వెతికిన అనుభవం నాకుంది.

సూర్యోదయానికి గంటన్నర ముందు బయటికి రండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నిమిషాలైనా పడుతుంది, ఫోన్ లోపల పెట్టేయండి. గ్రహాలన్నీ దాదాపు సూర్యచంద్రులు నడిచే దారిలోనే ఉంటాయి. అమావాస్యకు రెండు మూడు రోజుల ముందైతే సన్నని నెలవంకే ఆ దారి చూపిస్తుంది.

నక్షత్రం మిణుకుమిణుకుమంటుంది, గ్రహం నిలకడగా వెలుగుతుంది. అయితే నేలకు బాగా దగ్గరగా ఉన్నప్పుడు గ్రహం కూడా మిణుకుతుంది. కాస్త పైకి వచ్చేదాకా ఆగండి.

చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. శుక్రుడు, అదే మన వేగుచుక్క, సూర్యుడి నుంచి 47 డిగ్రీలు దాటి పోడు. అంటే తూర్పు వైపే, ఐదు పిడికిళ్ల లోపే వెతకాలి. తెల్లవారుజామున పడమట ఏదైనా తెల్లగా ధగధగలాడుతూ నిలకడగా ఉంటే అది శుక్రుడు కాదు, చాలావరకు గురుడే. ఎర్రగా ఉంటే కుజుడు కావచ్చు, కానీ జ్యేష్ఠ నక్షత్రమూ ఎరుపే, మిణుకు చూసి తేల్చుకోండి. శని లేత పసుపు, పెద్ద మెరుపేమీ ఉండదు.

బుధుడితోనే టెన్షన్. 28 డిగ్రీలు మించి దూరం పోడు కాబట్టి చీకట్లో ఇంకా ఉదయించడు, వెలుగొస్తే కలిసిపోతాడు. సూర్యోదయానికి ముప్పావుగంట ముందు, నేలకు ఓ పిడికిలి ఎత్తులో చూడండి.

బైనాక్యులర్ ఉంటే గోడకు ఆనించి గురుడి వైపు తిప్పండి, పక్కన చంద్రులు చుక్కల్లా వరుసగా కనిపిస్తాయి. సూర్యుడు రాకముందే మాత్రం దాన్ని పక్కన పెట్టేయాలి. శుక్రుడి మీద నుంచి చూపు తిప్పకుండా ఉంటే, తెల్లవారాక నీలాకాశంలో కూడా చిన్న తెల్లచుక్కగా కాసేపు కనబడుతూనే ఉంటాడు.