టెక్సాస్‌కి వస్తున్న నెల్లూరు, ఒంగోలు వాళ్లకి కొన్ని కోర్టు సంగతులు

కావలి ట్రంకు రోడ్డు మీద మన బండిని ఇంకో బండి గుద్దితే ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. నలుగురు పోగవుతారు, తప్పెవరిదో వాళ్లే తేలుస్తారు, రెండు వేలో మూడు వేలో చేతిలో పెట్టించి పంపిస్తారు. నేను ఆ అలవాటుతోనే డల్లాస్‌లో దిగాను. నాలుగో నెలలో ఇర్వింగ్‌లో సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి ఒకతను గుద్దాడు. తప్పు పూర్తిగా అతనిదే. నేను కారు దిగి మర్యాదకి "సారీ, సారీ" అన్నాను. అతను పెద్దమనసుతో "ఇట్స్ ఓకే" అన్నాడు! పోలీసుల్ని పిలవలేదు, ఒక్క ఫొటో తీయలేదు. మర్నాడు అతని ఇన్సూరెన్స్ వాళ్లు ఫోన్ చేసి "హౌ ఆర్ యూ" అంటే నోటి అలవాటుగా "ఫైన్" అన్నాను. కాల్ రికార్డయింది. మూడో రోజు మెడ తిప్పలేకపోయాను. దెబ్బలేమీ లేవని మీరే చెప్పారుగా అన్నారు.

అందుకే చెబుతున్నా. దెబ్బలు తగిలితే వెంటనే 911కి (ఇక్కడి అత్యవసర నంబరు) చేయండి. అవతలివాళ్ల లైసెన్సు, ఇన్సూరెన్స్ కార్డు, నంబరు ప్లేటు, రెండు కార్లూ ఫొటోలు తీసుకోండి. "మీకేం కాలేదు కదా" అని అడగడం మంచిదే, "తప్పు నాదే" అని మాత్రం అనొద్దు. అవతలి కంపెనీకి రికార్డింగ్‌లో ఏమీ చెప్పనక్కర్లేదు, మీ కంపెనీకి మాత్రం వెంటనే చెప్పాలి. నొప్పి లేకపోయినా డాక్టరుకి చూపించుకోండి. చిన్న చెక్కుతో పాటు వచ్చే 'రిలీజ్' కాగితం మీద తొందరపడి సంతకం పెట్టొద్దు. పెట్టాక సర్జరీ అవసరమైనా ఇక అడిగే దారి ఉండదు.

టెక్సాస్‌లో దెబ్బలకి పరిహారం అడగాలంటే మామూలుగా 2 ఏళ్లలోపు కోర్టులో కేసు వేయాలి. తప్పులో మీ వాటా 50 శాతం దాటితే పైసా రాదు. ఇక్కడ చట్టం అడిగే కనీస ఇన్సూరెన్స్ ఒక మనిషికి 30 వేల డాలర్లు. ఆసుపత్రి బిల్లు చూశాక అది ఏ మూలకీ రాదని తెలుస్తుంది. కాబట్టి మీ పాలసీలో 'అన్‌ఇన్‌ష్యూర్డ్ మోటరిస్ట్' (గుద్దినవాడికి ఇన్సూరెన్స్ లేకపోతే పనికొచ్చేది), 'పీఐపీ' (తప్పెవరిదైనా మీ వైద్యం ఖర్చులకి ఇచ్చేది) రెండూ ఉంచుకోండి. అవి వద్దనుకుంటే రాతపూర్వకంగా వద్దనాలి. నెలకి నాలుగు డాలర్లు మిగులుతాయని ఆ గడిలో టిక్కు పెట్టేవాళ్లు మనలోనే ఎక్కువ, నేనూ పెట్టాను.

యాక్సిడెంట్ కేసుల లాయరు మామూలుగా ముందు డబ్బు తీసుకోడు. గెలిస్తే మూడో వంతు నుంచి 40 శాతం దాకా పట్టుకుంటాడు. కానీ యాక్సిడెంట్ కాగానే మీరు పిలవకుండానే ఫోన్ చేసి "కేసు మాకివ్వండి" అనేవాళ్లని నమ్మొద్దు. టెక్సాస్‌లో అలా వెంటపడటం నేరం. అమ్మానాన్నలు వచ్చినప్పుడు షాపులో తడి నేల మీద జారిపడితే మేనేజర్‌ని పిలిచి రిపోర్టు రాయించండి. "ఏం కాలేదులేరా, పోదాం పదా" అని అమ్మ అంటూనే ఉంటుంది, అయినా సరే.

ఇక ఇంటి గొడవలు. పరువు పోతుందని వీటి గురించి మనవాళ్లు నోరు విప్పరు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో గోడలు చెక్కవి, కేకలు పక్కింటికి వినిపిస్తాయి. మా కాంప్లెక్స్‌లోనే ఒంగోలు వైపు జంట ఉండేది. అతను చెయ్యి చేసుకున్నాడు, పక్కింటివాళ్లు 911కి చేశారు, బేడీలు పడ్డాయి. తెల్లారేసరికి ఊరి నుంచి ఫోన్లు: "సర్దుకుపోమ్మా, కేసు వాపసు తీసుకో." ఆమె వెళ్లి అడిగింది. అప్పటికే అది ఆమె చేతిలో లేదు. కేసు నడపాలా వద్దా అన్నది ప్రభుత్వ లాయరు ఇష్టం. శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవాణ్ణి కూడా దేశం నుంచి పంపేయొచ్చు. అతని మీద నాకు జాలి లేదు.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి మీద ఆధారపడినవాళ్లకిచ్చే వీసా) మీద వచ్చే ఆడపిల్లలకి: పోలీసుల్ని పిలిచినంత మాత్రాన మీ వీసా పోదు. ఇంగ్లిష్ రాకపోతే "తెలుగు" అనండి, చాలాచోట్ల ఫోన్లోనే ఇంటర్‌ప్రిటర్ని కలుపుతారు. గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233, రాత్రీ పగలూ పలుకుతుంది. ప్రొటెక్టివ్ ఆర్డర్ (కొట్టినవాణ్ణి మీ దగ్గరికి రానివ్వకుండా కోర్టు ఇచ్చే ఉత్తర్వు) అడగడానికి ఫీజు లేదు. విడాకులైతే మాత్రం హెచ్-4 పోతుంది, కాబట్టి ముందుగా ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. పాస్‌పోర్టు, సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్ ఫొటోలు భర్త ఫోన్లో కాదు, మీ సొంత ఈమెయిల్‌లో ఉండాలి.

ఏడేళ్లలోపు పిల్లల్ని కారులో ఒంటరిగా ఐదు నిమిషాలకి మించి వదిలితే టెక్సాస్‌లో నేరం. పాల ప్యాకెట్ కోసమైనా సరే.

పెళ్లయ్యాక సంపాదించింది ఎవరి పేరు మీద ఉన్నా ఇక్కడ ఇద్దరి ఆస్తే, నెల్లూరులో కొన్న ఫ్లాటు కూడా ఆ లెక్కలోకి వస్తుంది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం ఆమె ఒక్కదానిదే, కాకపోతే ఆ సంగతి ఆమే రుజువు చేసుకోవాలి. దస్తావేజు, పాసుపుస్తకం కాపీలు తెచ్చుకోండి.

ఇక్కడ విడాకులు తేలికే. రాష్ట్రంలో 6 నెలలు, కౌంటీలో (మన జిల్లా లాంటిది) 90 రోజులు ఉంటే పిటిషన్ వేయొచ్చు, ఆపైన 60 రోజులు ఆగాలి. ఊళ్లో అది చెల్లుతుందా అన్నదే అసలు ప్రశ్న. తిరుపతిలో పెళ్లి చేసుకుని మిస్సోరీలో విడాకులు తీసుకున్న ఒక తెలుగాయన కేసులో ఆ విడాకులు చెల్లవని 1991లో మన సుప్రీంకోర్టు తేల్చింది. ఎందుకంటే అక్కడి కోర్టు విచారించడానికి భార్య ఒప్పుకోలేదు, విడాకులకి చూపిన కారణం హిందూ వివాహ చట్టంలో లేదు. ఇద్దరూ ఇష్టపడి విడిపోతుంటే ఊళ్లో కూడా పరస్పర అంగీకారంతో పిటిషన్ వేసుకోవడం మేలు. గొడవపడి రెండోవాళ్లకి చెప్పకుండా పిల్లల్ని ఇండియా తీసుకెళ్లిపోతే 1993 నుంచి ఇక్కడ ఫెడరల్ నేరం.

చివరిగా జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ), అంటే ఊళ్లో మన తరఫున పనులు చేసే అధికారం వేరొకరికి రాసిచ్చే కాగితం. కాన్సులేట్ ద్వారా అటెస్ట్ చేయించిన పవరాఫ్ అటార్నీకి అది ఇండియా చేరాక 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. నేను పంపింది మా నాన్న కవరు విప్పకుండా దేవుడి గూట్లో భద్రంగా పెట్టాడు. నాలుగో నెలలో అడిగితే "యాడికీ పోలేదురా, సామి దగ్గరే ఉండాది" అన్నాడు. కొత్తది చేయించి పంపాను.